టేపక్క పుస్తకంలో రెండు చుక్కలు

మీ శరీరంలో కుడి పక్కా ఎడమ పక్కా సమానంగా ఉన్నాయని మీకు ఎవరు చెప్పారు?

అద్దం చెప్పిందనకండి. అద్దం ముందు నిలబడిన మనిషి తనకు తెలియకుండానే బరువంతా ఒక కాలి మీద వేసి, ఒక భుజం కాస్త పైకి లాగి, తనకు నచ్చిన పక్కను ముందుకు తిప్పుకుంటుంది. అద్దం చూపేది ఆ సర్దుబాటునే. అసలు సంగతి తెలిసేది ఇద్దరికి: వైద్యుడికి, దర్జీకి. వైద్యుడు అడిగితే చెబుతాడు. దర్జీ అడిగినా చెప్పదు. అలా ముప్పై ఒక్క ఏళ్ళపాటు చెప్పకుండా ఉండి, అదే మర్యాద అని నమ్మిన ఒక దర్జీ ఉంది. అందరూ ఆమెను టేపక్క అంటారు.

చెప్పులు బాగుచేసే దుకాణం పక్కనున్న ఇరుకు మెట్లు పదిహేడు ఎక్కితే ఆమె రెండు గదులూ వస్తాయి. ముందు గదిలో కిటికీకి ఆనించి గుడ్డ కత్తిరించే బల్ల, రెండు కుట్టుమిషన్లు, మేకులకు వేలాడే పూర్తయిన గౌన్లు. వెనక గదిలో మందపాటి తెర, మూడు పలకల అద్దం, కొలతలకు ఎక్కి నిలబడే చెక్కపీట. టేపక్కకు యాభై ఆరేళ్ళు. పొద్దున లేవగానే మెడలో పడే టేపు పడుకునేటప్పుడే దిగుతుంది. బస్సు నడిపి నడిపి ఈమధ్యే ఇంటిపట్టున కూర్చున్న ఆమె భర్త, "ఇల్లు అంటుకుంటే ఈవిడ ముందు టేపు పట్టుకుని బయటికి పరిగెత్తి, తర్వాత నన్ను గుర్తు చేసుకుంటుంది" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతాడు. "గుర్తు చేసుకుంటానని నేనెప్పుడూ మాటివ్వలేదు" అంటుంది ఆమె, పెదవుల మధ్య గుండుసూదులు తీయకుండానే.

ఆమె పనిలో సూత్రం ఒక్కటే. గౌను వేసుకున్న మనిషికి తన ఒళ్ళు గుర్తు రాకూడదు. గుర్తొచ్చిందంటే కుట్టులో తప్పున్నట్టే. అందుకే ఆమె ఛాతీ చుట్టూ ఒక్క కొలత తీసి ఊరుకోదు. మెడ గుంట నుంచి తిన్నగా కిందికి సుద్దతో ఒక గీత గీసి, ఆ గీత నుంచి కుడి చంక కింది కుట్టు దాకా ఒకసారి, ఎడమ చంక కింది కుట్టు దాకా ఒకసారి, విడివిడిగా కొలుస్తుంది. భుజాలూ అంతే, నడుమూ అంతే.

దుకాణం తెరిచిన రెండో ఏడు ఒకావిడ నడుము కొలతను టేపక్క పైకి చదివింది. ఆవిడ పీట మీదే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మళ్ళీ ఆ మెట్లెక్కలేదు. ఆనాటి నుంచి టేపక్క సిరాతో రాసే అంకె వేరు, కత్తెర పట్టేటప్పుడు చూసుకునే అంకె వేరు అయ్యాయి. సిరా అంకె వచ్చినవాళ్ళు చూసి మురిసిపోవడానికి. అందులో నడుము ఒక అంగుళం తగ్గి ఉంటుంది, కుడీ ఎడమా సమానంగా ఉంటాయి. దాని కింద పెన్సిలుతో పెట్టిన సన్నటి చుక్కలు. ఒక్కో చుక్క పావు అంగుళం. అసలుకూ సిరాకూ మధ్య ఎంత తేడా ఉందో ఆ చుక్కలే చెబుతాయి. ఎడమ అంకె కింద రెండు చుక్కలుంటే ఎడమ పక్క అర అంగుళం కొరత అనీ, గౌను లోపల ఆ మేరకు దూది పరచాలనీ అర్థం. ఈ లిపి చదవగలిగింది టేపక్కా, ఆమెతోపాటు కాజాలు, గుండీలు కుట్టే ఆడపడుచూ. మూడో మనిషి లేదు.

ఎడమ అంకె కింద రెండు చుక్కలున్న పేజీ లెక్కల టీచరుది.

పద్దెనిమిదేళ్ళ వయసులో తల్లి వెంట తొలిసారి ఆ మెట్లెక్కిన పిల్ల ఇప్పుడు పై తరగతులకు లెక్కలు చెబుతోంది. ముప్పై నాలుగేళ్ళు, ఎడమచేతి వాటం, నవ్వకుండా హాస్యమాడే మనిషి. "అక్కా, నీ టేపు మీద పన్నెండో అంకె అరిగి కనబడటం లేదు. నీ దృష్టిలో పదకొండు తర్వాత పదమూడేనా?" అనేది. "పన్నెండు నా వేలికి తెలుసులే, నువ్వు ఊపిరి బిగబట్టకుండా నిలబడు" అనేది టేపక్క. పదహారేళ్ళు ఇలాగే సాగింది. పదహారేళ్ళలో కుట్టిన ప్రతి గౌనులోనూ ఎడమ పక్క పలచటి దూది మెత్త ఒదిగి ఉంది. ఆ పిల్ల ఒక్కసారి కూడా గమనించలేదు. టేపక్క దృష్టిలో అంతకు మించిన కితాబు లేదు.

చెల్లెలి పెళ్ళికి గౌను కుట్టించుకోవడానికి వచ్చిన రోజున, లెక్కల టీచరు తెర వెనక బట్టలు సర్దుకుంటోంది. ముందు గదిలో ఆడపడుచు పుస్తకం తిరగేస్తోంది. నూలుమిల్లు హోరులో ఇరవై ఏళ్ళు పనిచేసి ఒక చెవి పోగొట్టుకున్న మనిషి ఆమె. తను గుసగుస అనుకునే గొంతు వీధి చివరికి వినిపిస్తుంది.

"వదినా, టీచరుకి ఎడం పక్క మామూలుగా రెండు చుక్కల దూదేనా? ఈ గుడ్డ పల్చన కదా, ఇంకాస్త వేద్దామా?"

తెర కదలడం ఆగిపోయింది.

"ఏం దూది?" అంది లెక్కల టీచరు బయటికి వచ్చి.

టేపక్క నీళ్ళు నమిలింది. "ఏం లేదమ్మా. లైనింగుకి."

"లైనింగు ఒక పక్కకే వేస్తారా?"

ఆడపడుచు నాలుక కరుచుకుని గుండీల డబ్బాలో తల దూర్చింది. లెక్కల టీచరు పుస్తకం తనవైపు తిప్పుకుంది. సిరా అంకెలు రెండూ సమానం. కింద రెండు చుక్కలు. అదే పేజీలో పై వరుసలు చూసింది. పాత తేదీల దగ్గర కూడా రెండు చుక్కలు. అంకెలు విడదీయడం ఆమెకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

"ఎంత తేడా?"

"అర అంగుళం. అదొక తేడానా అమ్మా?"

"ఎప్పట్నుంచి?"

"నీ మొదటి గౌను నుంచి."

ఆమె పుస్తకం మూసింది. తర్వాత అడిగిన ప్రశ్నను టేపక్క బతికున్నంత కాలం మరిచిపోదు.

"అక్కా, ఇలా ఇంకెవరికైనా ఉందా? నాకొక్కదానికేనా?"

"ఇంకొకళ్ళ కొలత నా నోట రాదమ్మా" అంది టేపక్క. "నీదీ ఇంకొకళ్ళ దగ్గర రాదు."

ఆ మాట ఆమె ఒకింత గర్వంగానే అంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా నిలబెట్టుకున్న నియమం అది. కానీ నియమం ఎవరి మేలు కోసం పుట్టిందో మరిచిపోయి నియమాన్నే పట్టుకు వేలాడితే ఏమవుతుందో ఆ గదిలో అదే అయింది. లెక్కల టీచరు ఆ జవాబును తన పద్ధతిలో సాధించింది: అందరికీ ఉన్నదాన్ని ఎవరూ దాచరు. దాచారంటే తనకొక్కదానికే ఉంది.

ఆ కొలత తీసిన ఇరవై ఆరో రోజున ఆమె ఒక సౌందర్య చికిత్సాలయంలో బల్ల మీద పడుకుంది. తొడల నుంచి కొవ్వు తీసి రొమ్ములోకి ఎక్కిస్తామన్నారు. మీ కొవ్వే కదా, బయటి వస్తువు కాదు కదా, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళిపోవచ్చన్నారు. ఇరవై రెండు పేజీల అంగీకారపత్రం మీద ఆమె పద్నాలుగు చోట్ల సంతకం చేసింది. గడ్డలు కట్టవచ్చునన్న మాట పంతొమ్మిదో పేజీలో ఉంది. ఆ పేజీ చదివేందుకు ఆమెకు ఎంత వ్యవధి ఇచ్చారన్నది మాత్రం ఏ పేజీలోనూ లేదు. ఇంట్లో ఉపాధ్యాయుల శిక్షణ తరగతులని చెప్పింది.

అయిదు వారాలకు ఆమె మళ్ళీ టేపక్క మెట్లెక్కింది. కమ్మీ పట్టుకుని, మూడు మెట్లకొకసారి ఆగుతూ.

"అన్ని గౌన్లకీ ఎడం పక్క కుట్లు విప్పి వదులు చెయ్యాలక్కా. దూది తీసెయ్. ఇక అక్కర్లేదు."

టేపక్క సుద్ద గీత గీసి కొలిచింది. ఎడమ పక్క ఇప్పుడు కుడికంటే ఒకటిన్నర అంగుళం ఎక్కువ. మెత్తగా ఒదగాల్సిన చోట టేపు కింద గులకరాళ్ళలాంటివి మూడు తగిలాయి. గుడ్డ మీద నుంచే వేడి తెలుస్తోంది. లోపలి బట్ట మీద పసుపురంగు మరక.

"ఇదేమిటమ్మా?"

"సర్దుకుంటుందట. రోజూ పది నిమిషాలు గట్టిగా రుద్దమన్నారు. రుద్దుతున్నాను."

"జ్వరం?"

"సాయంత్రాలు వస్తోంది. అదీ సర్దుకుంటుందన్నారు. ఫోన్ చేసిన ప్రతిసారీ సర్దుకుంటుందనే అంటున్నారు అక్కా. సర్దుకోకపోతే ఏం చెయ్యాలో మాత్రం చెప్పడం లేదు."

టేపక్క మెడలో టేపుతోనే చెప్పులేసుకుంది. "దుకాణం చూసుకో" అని ఆడపడుచుకు ఒక మాట చెప్పి, టాక్సీ పిలిచి, ఆమెను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడి వైద్యురాలు చెయ్యి వేసి చూసి పెదవి బిగించింది. "ఎక్కించిన కొవ్వుకి చుట్టుపక్కల నుంచి రక్తం అందాలి. కొంచెం కొంచెంగా ఎక్కిస్తే అందుతుంది. ఒకేసారి ఇంత కూరితే లోపలిదంతా చచ్చిపోయి గడ్డ కడుతుంది. పైగా చీము పట్టింది. దీన్ని రుద్దమన్నదెవరు?"

రెండుసార్లు కోసి చీము తీశారు. గడ్డలో ముక్క తీసి కాన్సరేమోనని పరీక్షకు పంపారు. ఫలితం రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ లెక్కల టీచరు సెలవు పెట్టకుండా బడికి వెళ్ళింది. ఇంట్లో కూర్చుంటే తల్లి ముఖం చూడాల్సి వస్తుందని. కాన్సరు కాదన్నారు. అయితే రొమ్ము మీద గుంట పడింది, గడ్డలు రెండు మిగిలాయి, ఇకపై ప్రతి పరీక్షలోనూ అవి కనబడి ప్రతిసారీ భయపెడతాయన్నారు. ఎడమ చెయ్యి భుజం దాటి లేవడం లేదు. నల్లబల్ల పై సగం ఖాళీగా వదిలేసి ఆమె కింది సగంలోనే లెక్కలు చేస్తోందనీ, వెనక బెంచీల పిల్లలు లేచి నిలబడి రాసుకుంటున్నారనీ టేపక్కకు ఎవరో చెప్పారు.

చికిత్సాలయం మీద లెక్కల టీచరు వినియోగదారుల ఫోరంలో ఫిర్యాదు వేసింది. జవాబు వచ్చింది. చికిత్సకు ముందు రెండు రొమ్ముల మధ్య రెండు అంగుళాల తేడా ఉందట. అందుకే అంత కొవ్వు ఎక్కించక తప్పలేదట. ముందు తీసిన ఫొటోలు ఏవంటే, కంప్యూటర్ చెడిపోయి పోయాయట. చికిత్స చేసినవాడి మాటే చికిత్స అవసరానికి సాక్ష్యం. ఎంత సుఖమైన ఏర్పాటు!

ఆ జవాబు కాగితాలు పట్టుకుని లెక్కల టీచరు తరఫు వకీలు, ఇంకా నల్లకోటు మడత నలగని అమ్మాయి, పదిహేడు మెట్లూ ఎక్కి వచ్చింది.

"అమ్మా, ఆవిడ చికిత్సకి ముందు ఎలా ఉండేదో చెప్పగలిగిన కాగితం ఈ లోకంలో మీ దగ్గరొక్కటే ఉందట. తేదీతో సహా ఉంటుందట కదా?"

టేపక్క పేజీ తీసి చూపింది. వకీలు వేలితో అంకెలు చదివింది. ఆమె ముఖం వాడిపోయింది.

"రెండూ సమానంగా ఉన్నాయే. ఇది వాళ్ళకి పనికొస్తుంది గానీ మనకి కాదు. తేడాయే లేనప్పుడు ఆవిడ అసలు ఎందుకు వచ్చిందంటారు, ఈ పుస్తకాన్ని నమ్మేదెలా అంటారు." ఆగి, దగ్గరగా వంగి చూసింది. "ఈ చుక్కలేమిటి?"

టేపక్క పేజీ మీద అరచెయ్యి పెట్టింది. "పెన్సిలు మొన సరిగ్గా ఉందో లేదో చూసుకున్నవమ్మా."

"సరే. విచారణ పంతొమ్మిదో తారీకున. ఏదైనా గుర్తొస్తే చెప్పండి" అని వకీలు దిగిపోయింది.

వకీలు అడుగుల చప్పుడు మెట్ల మీద ఇంకా వినబడుతుండగానే ఆడపడుచు అందుకుంది. "ఇందులో ఇంత ఆలోచన ఏముంది వదినా? కొత్త పేజీ తీసుకో. కుడి ఇంత, ఎడం అర అంగుళం తక్కువ అని సిరాతో రాసెయ్. పాత తేదీ వెయ్. పాతది చింపి పొయ్యిలో పడెయ్. అబద్ధం కాదుగా, నిజమేగా రాసేది."

"నిజాన్ని దొంగతనంగా రాస్తే అది నిజమవుతుందా?"

"పోనీ, వెళ్ళి చుక్కల సంగతి చెప్పు. చెప్పాక ఊళ్ళో ప్రతి మనిషీ వచ్చి, నా పేజీలో ఎన్ని చుక్కలున్నాయో చూపించమంటుంది. ముప్పై ఏళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశావా అంటుంది. రేపట్నుంచి ఆ పీట ఎక్కేదెవరు? నేనా, నువ్వా?"

ఆడపడుచు మాటలో కోపమే గానీ తప్పు లేదు. చుక్కల అర్థం ఒక పేజీకి చెబితే అన్ని పేజీలకూ చెప్పినట్టే.

ఆదివారం మధ్యాహ్నం లెక్కల టీచరు తనే వచ్చింది. పీట ఎక్కలేదు. కత్తిరింపు బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"వకీలు చెప్పింది. చుక్కలు పెన్సిలు మొన కోసమట. వాటి అర్థం నీ నోటే రావాలని నేనేమీ చెప్పలేదు."

టేపక్కకు ముఖం చెల్లలేదు. చేతిలో ఉన్న సుద్దముక్కను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది.

"నిన్ను తిట్టడానికి రాలేదక్కా. కత్తి పట్టింది నువ్వు కాదు, రుద్దమన్నదీ నువ్వు కాదు. సంతకాలు నేనే పెట్టాను. నాకు ఒక్క లెక్కే తేలడం లేదు. ఆ రోజు నేను అడిగినదానికి అసలు జవాబు ఏమిటి?"

"ఏం అడిగావు?" అంది టేపక్క, తెలిసే.

"ఇలా ఇంకెవరికైనా ఉందా అని."

టేపక్క లేచింది. బీరువా పై అరలో ఉన్న పాత పుస్తకాలు మూడు దించింది. ఇప్పటిదానితో కలిపి నాలుగు. పేర్లు రాసిన పై అంచు కనబడకుండా ప్రతి పేజీ మీద ఒక అట్టముక్క పెట్టి, తిప్పడం మొదలుపెట్టింది. ఒక చుక్క. మూడు. రెండు. రెండు. నాలుగు. ఒకటి. లెక్కల టీచరు మొదట చూస్తూ కూర్చుంది. కాసేపటికి అలవాటు కొద్దీ పెన్సిలు అందుకుని గీతలు గీసి లెక్కపెట్టసాగింది. ఆడపడుచు కూడా కాజాలు ఆపి వచ్చి నిలబడింది. కిటికీలో ఎండ బల్ల మీంచి నేల మీదికి జారేదాకా ముగ్గురూ ఆ పనే చేశారు.

"ఏడువందల పన్నెండు పేజీలు" అంది లెక్కల టీచరు చివరికి. "కుడి ఎడమల కింద చుక్క లేనివి తొమ్మిది."

"ఆ తొమ్మిదింట్లో కూడా రెండు నేను తొందరలో సరిగా కొలవనివి" అంది టేపక్క.

లెక్కల టీచరు పెన్సిలు కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నారు, ఏడవలేదు. చాలా నెమ్మదిగా అంది: "ఈ ఒక్క అంకె ఆ రోజు చెప్పి ఉంటే, నేను గౌను తీసుకుని ఇంటికి వెళ్ళిపోయేదాన్ని అక్కా."

ఒకళ్ళ గుట్టు ఇంకొకళ్ళకు చెప్పకపోవడం మర్యాదే. కానీ ఏడువందల మందిలో ఎవరి పేరూ ఎత్తకుండా, "అందరికీ ఉంటుందమ్మా" అని రెండు మాటలు అనడానికి ఏ నియమం అడ్డొచ్చింది? ఒక్కొక్కరినీ బాధ పెట్టకూడదని ఒక్కొక్కరి దగ్గరా దాచి, అంతమందినీ ఎవరికి వారిని ఒంటరిని చేసి పెట్టింది. గౌను వేసుకున్న మనిషికి తన ఒళ్ళు గుర్తు రాకూడదని కుట్టింది. గౌను విప్పాక ఆ మనిషి ఏమైపోతుందో ఆలోచించలేదు.

ఆమె పాత పుస్తకాన్ని మూసి పక్కన పెట్టింది. అందులో ఒక్క గీత కూడా కలపలేదు, ఒక్క చుక్క చెరపలేదు. దుకాణంలో వాడని కొత్త పుస్తకం ఒకటి తీసింది.

"పీట ఎక్కుతావా అమ్మా?"

"దేనికి?"

"కొలవడానికి. ఈసారి పైకి చదువుతాను."

లెక్కల టీచరు కాసేపు ఆ పీటను చూసింది. తర్వాత ఏ ఆసరా లేకుండానే ఎక్కింది. టేపక్క సుద్ద గీత గీసి, గుంట పడిన చోట టేపు ఒత్తుకోకుండా వేలు అడ్డం పెట్టి, కుడి అంకె చదివింది, ఎడమ అంకె చదివింది. రెండూ సిరాతో, ఉన్నవి ఉన్నట్టు రాసింది. చుక్కలు పెట్టలేదు.

"ఊపిరి బిగబట్టావా?" అంది అలవాటుగా.

"లేదు" అంది లెక్కల టీచరు.

ఆమె వెళ్ళాక ఆడపడుచు, తను గుసగుస అనుకునే గొంతుతోనే అడిగింది. "అయితే వెళ్తావా వదినా, ఫోరంకి?"

"వెళ్తాను. పుస్తకం ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్తాను. సిరాతో రాసినవి అబద్ధాలనీ, చుక్కలే నిజమనీ చెబుతాను. ముందు వకీలమ్మకి చెప్పాలి, ఆవిడకీ అబద్ధమే చెప్పానుగా."

"వాళ్ళ వకీలు నిన్ను అబద్ధాలకోరువి అంటాడు."

"అంటాడు. అవునంటాను. అర అంగుళానికి ఎన్ని చుక్కలో కూడా అడగనీ, చెబుతాను. రెండు అంగుళాలైతే ఎనిమిది చుక్కలుండాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో రొమ్ము దగ్గర నేను ఎనిమిది చుక్కలు ఎవరికీ పెట్టలేదు."

"మరి మనవాళ్ళందరూ?"

పంతొమ్మిదో తారీకుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. టేపక్క మెడలో టేపు సవరించుకుని, ఆ పన్నెండు రోజులూ కొత్త గుడ్డ కత్తిరించకూడదని నిశ్చయించుకుంది. ఊళ్ళో ఉన్నవాళ్ళను కబురు పెట్టి పిలవాలి, దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్ చేయాలి, ఫోరంలో ఎవరో చెప్పగా వినకముందే, ఎవరి పేజీ వాళ్ళకు, తెర వెనక, తనే చదివి వినిపించాలి. చదివిన తర్వాత ఆ ఏడువందల పన్నెండు అంకె కూడా చెప్పాలి. మళ్ళీ వచ్చేవాళ్ళు వస్తారు, రానివాళ్ళు రారు.

"నీతోనే మొదలుపెడతాను, రా" అంది.

"నాతోనా?" ఆడపడుచు గుండీల డబ్బా గుండెకు హత్తుకుంది. "నాకేముంది వదినా?"

"ఎడం భుజం, మూడు చుక్కలు" అంది టేపక్క, తెర పక్కకు జరిపి.